చెట్ల డ్రిప్ రింగ్ కిట్: మన మొరం నేలలో ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కురిసిపోతుంది. నవంబరు నుంచి మే చివరిదాకా చెట్టు మనం పోసే నీళ్ల మీదే బతకాలి. కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో కొత్తగా పెట్టిన చెట్లు రెండో వేసవికి ఎండిపోవడానికి నీళ్లు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. నీళ్లు పోస్తూనే ఉంటారు. పోసేది కాండం మొదట్లో, పైపైన, రోజూ కొంచెం కొంచెం. ఆ నీళ్లు వేళ్లున్న చోటికి దిగవు.

ఈ లోటు తీరుస్తామంటూ చెట్ల కోసం డ్రిప్ రింగ్ కిట్లు, అంటే చెట్టు చుట్టూ గుండ్రంగా పరిచే డ్రిప్ పైపులు, అమ్ముతున్నారు. రాణిగంజ్ పైపుల షాపుల్లో అడిగినా కట్టిస్తారు, ఆన్‌లైన్‌లో తయారుగానూ దొరుకుతాయి. ఇక్కడ పరిశీలించింది ఎనిమిది చెట్ల కిట్. పెట్టెలో ఉన్నవి: 16 ఎంఎం ఇన్‌లైన్ డ్రిప్ పైపు 50 మీటర్లు (ప్రతి 40 సెంటీమీటర్లకు నీళ్లు బొట్టుబొట్టుగా వదిలే ఒక డ్రిప్పర్, గంటకు 4 లీటర్లు), డ్రిప్పర్లు లేని సాదా పైపు 20 మీటర్లు, ముప్పావు అంగుళం డిస్క్ ఫిల్టర్, అదే సైజు వెంచురీ (ఎరువు, ఆమ్లం లాంటివాటిని లైన్‌లోకి లాగే ముక్క), బ్యాటరీ టైమర్, టీలు, జాయినర్లు, ఎండ్ క్యాపులు, నేలకు గుచ్చే పిన్నులు, ఒక కిలో 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది).

ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సులువు. పైపు మంచిది. ఫిల్టర్ పర్వాలేదు. రింగు ఎలా బిగించాలో ఇచ్చిన బొమ్మ తప్పు. టైమర్‌లో ముందే పెట్టిచ్చిన టైమింగ్ చెట్లకు చెరుపు చేస్తుంది. ఎరువు ప్యాకెట్ పక్కన పెట్టేయండి. ఈ సవరణలన్నీ చేసుకుంటే మాత్రం మన ఎర్ర నేలల్లో, మొరంలో చెట్టుకు నీళ్లు పెట్టడానికి ఇంతకన్నా నమ్మకమైన సాధనం ఈ ఖర్చులో దొరకదు.

పైపు సంగతి

ఇన్‌లైన్ పైపంటే డ్రిప్పర్లు బయట గుచ్చినవి కావు, పైపు లోపలే అతికించి వస్తాయి. పైపు మీద ఐఎస్ 13488 ముద్ర ఉందో లేదో చూడండి. డ్రిప్పర్లతో కలిసి వచ్చే పైపుకు ఉండాల్సిన నంబరు అదే. సాదా పైపుకైతే ఐఎస్ 12786. ముద్ర లేని పైపు సగం ధరకే దొరుకుతుంది. అయితే పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన పైపు మన ఎండకు రెండు వేసవులు తట్టుకోవడం కష్టం. వంచిన చోట తెల్లబారి, జాయింట్ల దగ్గర చీలుతుంది. ఈ కిట్‌లో పైపుకు ముద్ర ఉంది, మందం కూడా చేతికి తెలుస్తోంది.

డ్రిప్పర్లలో రెండు రకాలు. ప్రెజర్ ఎక్కువైనా తక్కువైనా ఒకేలా నీళ్లు వదిలేవి ఒక రకం. వీటిని షాపుల్లో పీసీ డ్రిప్పర్లంటారు. ప్రెజర్‌ను బట్టి ధార మారేవి రెండో రకం. కిట్‌లో ఉన్నవి పీసీవే. ఇవి సరిగా పనిచేయాలంటే లైన్‌లో కనీసం అర బార్, వీలైతే ఒక బార్ ఒత్తిడి ఉండాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ పైన ట్యాంకు ఉంటే దిగులు లేదు. ఇంటి ముందు మూడు మీటర్ల స్టాండ్ మీద సింటెక్స్ ట్యాంకు పెట్టుకున్నవాళ్లకు వచ్చేది 0.3 బార్ మాత్రమే, దానికి ఈ కిట్ సరిపడదు. వాళ్లు మామూలు డ్రిప్పర్లున్న పైపు తీసుకోవాలి, లేదా చిన్న పంపు పెట్టుకోవాలి. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా లేదు. కొనేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాట ఇదే.

ఇంకో హద్దు కూడా ఉంది. 16 ఎంఎం పైపులో గంటకు సుమారు 600 లీటర్లకు మించి తోస్తే చివరి చెట్టుకు ఒత్తిడి మిగలదు. ఈ కిట్‌లో 125 డ్రిప్పర్లు, అంటే గంటకు 500 లీటర్లు. ఎనిమిది చెట్లకు కచ్చితంగా సరిపోతుంది. ఇదే లైనుకు ఇంకో నాలుగు చెట్లు తగిలిద్దామనే ఆలోచన మాత్రం వద్దు. చెట్లు ఎక్కువుంటే 40 ఎంఎం పీవీసీ మెయిన్ వేసి, దానికి డ్రిల్లుతో బెజ్జం పెట్టి, గ్రోమెట్ (రబ్బరు వాషర్), టేకాఫ్ (చిన్న పైపు తగిలించే ముక్క) బిగించి, ఎనిమిదేసి చెట్లకు ఒక వాల్వ్ చొప్పున విడదీయాలి.

రింగు మూసేయకండి

కిట్‌తో ఇచ్చిన బొమ్మలో పైపును గుండ్రంగా తిప్పి రెండు కొసల్నీ ఒకే టీలో దూర్చమంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అలా మూసేస్తే లోపల చేరిన మట్టి, సున్నం, నాచు బయటికి పోయే దారే ఉండదు. టీకి ఎదురుగా ఉన్న డ్రిప్పర్లు ముందు మూసుకుపోతాయి. చెట్టుకు ఒక పక్కే తడి అందుతుంది. ఆ సంగతి కొమ్మలు ఒక వైపు ఎండేదాకా ఎవరికీ తెలియదు.

మార్చుకోవడం తేలికే. ఒక కొసను మాత్రం సాదా పైపుకు జాయినర్‌తో కలపండి. పైపును చెట్టు చుట్టూ తిప్పి, రెండో కొసను మొదటి కొసకు ఒక జానెడు దూరంలో ఆపి ఎండ్ క్యాప్ పెట్టండి. నెలకోసారి ఆ క్యాప్ తీసి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలాలి. జాయినర్ ఎక్కకపోతే పైపు కొసను ఒక నిమిషం వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. నిప్పు సెగ చూపించవద్దు. సాగిన పైపు తర్వాత పట్టు వదిలేస్తుంది.

ఇలా కొస విడిగా ఉంచడంలో ఇంకో లాభం, ఏటా రింగును పెంచుకోవచ్చు. చెట్టు పెరిగే కొద్దీ వేళ్లు బయటికి పోతాయి. నీటిని పీల్చే సన్నని వేళ్లు కాండం మొదట్లో ఉండవు, కొమ్మల అంచు కింద, దాని అవతల ఉంటాయి. ఎదిగిన చెట్టుకైతే కాండం నుంచి కొమ్మల అంచుదాకా ఉన్న దూరంలో మొదటి సగం వదిలేసి, ఆ తర్వాత పైపు పరచాలి. పాతిన ఏడాదిలో చుట్టూ అర మీటరు దూరంలో వేసిన రింగును మూడేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంచితే, కాండం అడుగున తడి నిలిచి బెరడు కుళ్లుతుంది, వేళ్లు మాత్రం దాహంతో ఉంటాయి. ఎండ్ క్యాప్ తీసి, జాయినర్‌తో ఇంకో ముక్క కలిపి, చుట్టును పెద్దది చేయండి. వర్షాకాలం ముందు చేసే పనుల్లో దీన్ని కూడా చేర్చుకోవాలి.

కడియం నుంచి వచ్చిన చెట్టయితే

మన నగరంలో పెద్ద సైజు చెట్లు కొనేవాళ్లు ఎక్కువగా తెప్పించేది కడియం నర్సరీల నుంచే. అవి గోదావరి ఒండ్రు బంకమట్టి గడ్డతో, గోనె చుట్టి వస్తాయి. ఆ గడ్డను తెచ్చి మన ఎర్ర ఇసుక నేలలోనో మొరంలోనో పాతుతాం. ఇక్కడే మొదటి తగాదా. బంకమట్టి గడ్డ ఒకసారి ఆరిందంటే ఇటుకలా గట్టిపడుతుంది. పోసిన నీళ్లు గడ్డలోకి దిగకుండా దాని అంచు వెంట జారి చుట్టూ ఉన్న మొరంలోకి పోతాయి. పాదు నిండా తడి కనిపిస్తుంది. చెట్టు మాత్రం ఆకు రాలుస్తుంది.

కాబట్టి మొదటి ఏడాది రింగు చెట్టుకు దూరంగా వేస్తే సరిపోదు. గడ్డ పైననే ఒక చిన్న చుట్టు, గడ్డ బయట అర మీటరు అవతల ఇంకో చుట్టు, రెండూ కావాలి. గడ్డ గట్టిపడి ఉంటే సన్నని చువ్వతో పది పన్నెండు చోట్ల, వేళ్లు తెగకుండా, జానెడు లోతు గుచ్చి ఆ తర్వాత నీళ్లు వదలండి. పాతేటప్పుడే గోనె, ప్లాస్టిక్ తాడు, వైరు అన్నీ విప్పేయాలి. గోనె దానంతట అదే చివికిపోతుందని నర్సరీవాళ్లు చెప్తారు. గోనె చివుకుతుంది, నైలాన్ తాడు చివకదు. మూడు నాలుగేళ్లకు అదే కాండాన్ని పిసికేస్తుంది.

ఒక్కో చెట్టుకు ఎన్ని గంటలు

టైమర్‌లో ముందే పెట్టిన ప్రోగ్రాం రోజూ పొద్దున 20 నిమిషాలు. ఈ కిట్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. 20 నిమిషాలకు ఒక్కో డ్రిప్పర్ ఇచ్చేది లీటరున్నర కూడా కాదు. పైన నాలుగు వేళ్ల మందాన మట్టి తడుస్తుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. చెట్టు వేళ్లు పైకే ఎక్కుతాయి. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వచ్చినప్పుడు కూకటివేళ్లతో సహా పడిపోయేవి ఇలా పెరిగిన చెట్లే. గుల్‌మొహర్, పచ్చతురాయి, స్పాథోడియా లాంటి బలహీనమైన చెట్లయితే మరీను.

లెక్క ఇలా వేసుకోవాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. నడివేసవిలో ఇక్కడ రోజుకు 7 మిల్లీమీటర్ల దాకా ఆవిరవుతుందనుకోవచ్చు. నేలకు నీడ పట్టే చెట్లకు అందులో సగం చాలు. కొమ్మలు మూడు మీటర్ల అడ్డం పరుచుకున్న చెట్టు కప్పే నేల సుమారు 7 చదరపు మీటర్లు. ఏడును ఏడుతో గుణిస్తే నలభై తొమ్మిది, అందులో సగం, రోజుకు 25 లీటర్లు. వారానికి 175 లీటర్లు. ఒక మీటరు దూరంలో వేసిన రింగులో 15 డ్రిప్పర్లుంటాయి, గంటకు 60 లీటర్లు. అంటే వారం మొత్తానికి మూడు గంటలు. దీన్ని ఒకేసారి ఇస్తే నల్లరేగడిలో బాగుంటుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఉన్నవాళ్లు అలాగే చేయొచ్చు. ఎర్ర దుబ్బ నేలల్లో ఇసుక ఎక్కువ, ఒకేసారి ఇచ్చిన నీళ్లు వేళ్లు దాటి కిందికి పోతాయి. అక్కడ మూడు నాలుగు రోజులకోసారి గంటన్నర చొప్పున ఇవ్వాలి. డిసెంబరు, జనవరిలో రోజుకు 4 మిల్లీమీటర్లు వేసుకుంటే వారానికి 100 లీటర్లు చాలు.

కొమ్మల కొలత తెలియకపోతే కాండం లావు చూసుకోండి. సెంటీమీటరు లావుకు ఒక తడవకు 15 లీటర్లు. 8 సెంటీమీటర్ల కాండానికి 120 లీటర్లు. పై లెక్కకు ఇది దగ్గరగానే ఉంటుంది.

ఏ లెక్కనైనా చువ్వతో సరిచూసుకోవాలి. నీళ్లు ఆపిన మర్నాడు మీటరు పొడవున్న 10 ఎంఎం ఇనుప చువ్వను రింగు పక్కన చేతి బలంతో నేలలోకి నొక్కండి. తడి ఉన్నంతవరకు దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. 45 నుంచి 60 సెంటీమీటర్లు దిగితే సరిపోయినట్టు. 20 దగ్గర ఆగితే గంటలు పెంచాలి. రాయి తగిలి ఆగిందా, పొడి తగిలి ఆగిందా అనే అనుమానం మన నేలల్లో ఎప్పుడూ ఉండేదే. రాయైతే టక్కుమని శబ్దం వస్తుంది, పక్కన నాలుగు చోట్ల గుచ్చితే తేలిపోతుంది.

జూన్‌లో వానలు పట్టగానే టైమర్ ఆపేయాలి. పది పన్నెండు రోజులు వాన మొహం చాటేస్తేనే ఒక తడి ఇవ్వండి. సొసైటీల్లో మే నెలలో పెట్టిన ప్రోగ్రాం సెప్టెంబరు దాకా అలాగే నడుస్తూ ఉంటుంది. వేప, రేల లాంటివి ఆ తడికి అడుగున కుళ్లు పట్టి చచ్చిపోతాయి, వేసవిలో చావని చెట్లు వానాకాలంలో చస్తాయి.

ఏ నీళ్లు పెడుతున్నారు

ఫిల్టర్ 120 మెష్. బోరు నీళ్లలో ఇసుక లేకపోతే ఇది చాలు. ఇసుక వచ్చే బోరుకు దీనికి ముందు ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్ పెట్టాలి, లేకపోతే వారానికి రెండుసార్లు డిస్కులు కడుక్కోవాల్సి వస్తుంది. ఎస్‌టీపీ నీళ్లు (మురుగునీటిని శుద్ధి చేసినవి) వాడే అపార్ట్‌మెంట్లకు ముప్పావు అంగుళం డిస్క్ ఫిల్టర్ అసలు ఆనదు. ఆ నీళ్లలో ఉండే జిగురు డిస్కుల మధ్య పట్టి గంటలో మూసేస్తుంది. వాళ్లకు ఇసుక ఫిల్టర్, దాని తర్వాత డిస్క్ ఫిల్టర్ కావాలి. ఫిల్టర్‌కు ముందూ వెనకా రెండు ప్రెజర్ గేజ్‌లు పెట్టించుకోండి. తేడా అర బార్‌కు వచ్చిందంటే కడగాల్సిన వేళ అయినట్టే. గేజ్‌లు కిట్‌లో లేవు, విడిగా కొనాలి.

నీళ్ల టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) కొలిచి చూసుకోండి. 450 లోపు ఉంటే చెట్లకు ఏ ఇబ్బందీ లేదు. 2000 దాటితే ఏ చెట్టుకైనా కష్టమే. మధ్యలో ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. నెలకోసారి మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు సేపు వదిలి, చేరిన ఉప్పును వేళ్ల కిందికి తోసేయాలి. డ్రిప్‌లో ఉప్పు తడి అంచున, నేల పైన తెల్లగా పేరుకుంటుంది. తొలకరి చినుకులకు అదంతా కరిగి వేళ్ల మీదికి దిగుతుంది. అందుకే మొదటి చిన్న వాన పడేటప్పుడు డ్రిప్ ఆపకుండా ఇంకో గంట నడపాలి. వింతగా అనిపించినా ఇది చాలా ముఖ్యమైన పని.

ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ నుంచి వదిలే నీళ్లను చెట్లకు పోస్తుంటారు. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో ఫర్వాలేదు, వేరే నీళ్లతో కలిపి వాడొచ్చు. బోరు నీళ్లను ఆర్‌ఓ చేస్తే వదిలేది మరీ ఉప్పగా ఉంటుంది, అది ఒకే చెట్టుకు రోజూ పోయకండి. వాటర్ సాఫ్ట్‌నర్ ప్లాంట్ కడిగినప్పుడు వచ్చే నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా చెట్ల దగ్గరికి రాకూడదు. అది ఉప్పు కలిపిన నీరే. సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే మెత్తని నీళ్లు కూడా చెట్లకు మంచివి కావు. కాల్షియం స్థానంలో సోడియం చేరి ఉంటుంది, అది మట్టిని బిగదీస్తుంది. డ్రిప్ కనెక్షన్ సాఫ్ట్‌నర్‌కు ముందున్న లైన్ నుంచి తీయమని ప్లంబర్‌కు గట్టిగా చెప్పండి.

సున్నం పట్టిన డ్రిప్పర్లు

మన బోరు నీళ్లకు డ్రిప్పర్లు మూసుకుపోవడం ఖాయం. ఎప్పుడన్నదే తేలాల్సింది. తెలుసుకోవడానికి డ్రిప్పర్ కింద చిన్న గుంట తీసి ఒక గిన్నె పెట్టి పావుగంట నీళ్లు పట్టండి. కచ్చితంగా ఒక లీటరు రావాలి. ముప్పావు లీటరు కన్నా తగ్గితే ఆమ్లంతో కడగాలి.

కడిగే విధానం. చేతికి రబ్బరు గ్లవ్‌లు, కంటికి అద్దాలు. పది లీటర్ల బోరు నీళ్లు బకెట్‌లో పోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని మిల్లీలీటర్ల లెక్కన వేస్తూ, కలుపుతూ, పీహెచ్ పట్టీతో (ఆమ్లం ఎంతుందో చూపే కాగితం) చూస్తూ పోవాలి. పీహెచ్ 4కు రాగానే ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. ఎనిమిది చెట్ల లైను నిండి డ్రిప్పర్ల దాకా ఆమ్లం పారాలంటే 150 లీటర్లు చాలు, అంటే బకెట్ లెక్కకు 15 రెట్లు. అంత ఆమ్లాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లలో కలిపి వెంచురీతో లోపలికి పంపండి. ఎప్పుడైనా నీళ్లలోకి ఆమ్లం పోయాలి గానీ ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. లైను నిండగానే ఆపేసి రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున ఎండ్ క్యాపులన్నీ తీసి బాగా నీళ్లు వదలాలి. ఎస్‌టీపీ నీళ్లకు పట్టేది సున్నం కాదు, జిగురు. దానికి సోడియం హైపోక్లోరైట్ వాడతారు. బ్లీచింగ్ పౌడర్ వద్దు, అందులోని సున్నమే డ్రిప్పర్‌లో కూర్చుంటుంది. ఆమ్లం, క్లోరిన్ ఒకే రోజు, ఒకే డబ్బాలో వాడితే విషవాయువు పుడుతుంది. రెండింటి మధ్య కనీసం ఒక రోజు తేడా ఉండాలి, లైను కూడా కడిగి ఉండాలి. పని మాలి చేతికి అప్పగించేవాళ్లు ఈ మాట ఆయనకు ఎదురుగా నిలబడి చెప్పాలి.

ఎరువు, వెంచురీ

వెంచురీ పని చేయాలంటే దాని ముందున్న ఒత్తిడిలో దాదాపు మూడో వంతు దాని దగ్గరే ఖర్చవ్వాలి. పంపు మీద నడిచే లైన్‌లో బాగా లాగుతుంది. పై ట్యాంకు మీద నడిచేవాళ్లకు అరకొరగా లాగుతుంది, చివరి చెట్ల డ్రిప్పర్లు నీరసిస్తాయి. వాళ్లు వెంచురీని ఆమ్లం కోసమే ఉంచుకుని, ఎరువును చేత్తో వేసుకోవడం మేలు.

కిట్‌తో వచ్చిన కాగితం మీద వారం వారం 19:19:19 పంపమని రాశారు. ఇది కూరగాయల మడికి చెప్పే మాట, నీడనిచ్చే చెట్టుకు కాదు. చెట్లకు భాస్వరం తక్కువవడం అరుదు. ఎక్కువైతే ఇనుము, జింకు వేళ్లకు అందకుండా అడ్డుపడుతుంది. చెట్టుకు ఏడాదికి కావాల్సింది వేళ్లున్న నేల చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాముల నత్రజని. మన మూడు మీటర్ల చెట్టుకు 35 నుంచి 70 గ్రాములు. మూడు కిలోల వర్మీకంపోస్టు, అర కిలో వేపపిండి కలిపితే అది వచ్చేస్తుంది. యూరియాగా ఇవ్వాలనుకుంటే 75 నుంచి 150 గ్రాములు, అదీ రెండు దఫాలుగా. మొదటిది జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక, రెండోది సెప్టెంబరులో. రింగు వెంట జల్లి, వేళ్లు తెగకుండా పైపైన మట్టి కలిపి, గంటసేపు డ్రిప్ వదలాలి. గడ్డపారతో లోతుగా తవ్వి ఎరువు పూడ్చిపెట్టే అలవాటు మానుకోవాలి. ఆ తవ్వకంలో తెగే వేళ్ల నష్టం ఎరువుతో వచ్చే లాభం కన్నా ఎక్కువ.

ఎప్పుడు వేయకూడదో కూడా చెప్పాలి. పాతిన మొదటి ఏడాది నత్రజని వద్దు, ముందు వేళ్లు సాగనివ్వండి. మార్చి నుంచి మే వరకు వద్దు. నీటికి కటకటగా ఉన్నప్పుడు ఎరువు వేస్తే లేత ఆకు పుట్టుకొస్తుంది, దానికి ఇంకా ఎక్కువ నీళ్లు కావాలి, చివరికి ఎండకు మాడుతుంది. వాడిన చెట్టుకు ఎరువు మందు కాదు. కానుగ, నిద్రగన్నేరు గాలిలోని నత్రజనిని తామే పట్టుకుంటాయి, వాటికి యూరియా దండగ. గుల్‌మొహర్, రేల కూడా వాటిలాగే చిక్కుడు కుటుంబానివే గానీ వాటి వేళ్లకు నత్రజని పట్టే బుడిపెలు ఏర్పడవు, కాబట్టి వాటిని ఈ లెక్కలో కలపకండి.

డ్రిప్‌లోకి పంపే ఎరువు పూర్తిగా కరిగేదై ఉండాలి. గింజల డీఏపీని నానబెట్టి వడకట్టి పంపేవాళ్లున్నారు. మన గట్టి నీళ్లలోని కాల్షియంతో భాస్వరం కలిసి తెల్లని మడ్డిగా మారి డ్రిప్పర్‌లో గడ్డకడుతుంది. ఎర్ర పొటాష్ కూడా అంతే, మడ్డి వదులుతుంది, తెల్లది వాడాలి. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం, సల్ఫేటు ఉన్న ఏ ఎరువుతోనూ ఒకే డబ్బాలో కలపకూడదు.

ఆకు పసుపెక్కగానే ఎరువు వేసేయకుండా, ఏ ఆకో చూడండి. కింది ముదురు ఆకులు సమానంగా పాలిపోతే నత్రజని తక్కువ. పై లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు. సంపంగికి ఇది తరచూ వస్తుంది. అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు పూడ్చిన చోట నేల క్షారంగా మారి ఇనుము ఉన్నా బిగుసుకుపోతుంది. అలాంటి నేలకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) జల్లినా ప్రయోజనం కొద్దిరోజులే. ఈడీటీఏ రకం ఇనుము కూడా క్షార నేలలో నిలవదు. ఈడీడీహెచ్‌ఏ రకం అడగండి, ఖరీదెక్కువ, అయినా పనిచేసేది అదే. ఆకు అంచులు మాత్రమే మాడితే అది ఉప్పో, నీటి కొరతో. అక్కడ ఏ ఎరువు వేసినా రోగం ముదురుతుంది. అనుమానం ఉంటే రాజేంద్రనగర్‌లో మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. మట్టి పైనుంచి కాకుండా 30 సెంటీమీటర్ల లోతు నుంచి, నాలుగైదు చోట్ల తీసి కలిపి అరకిలో తీసుకెళ్లాలి.

ఇదే ఖర్చుకు ఇంకేం దొరుకుతుంది

కాండానికి చుట్టే నీళ్ల సంచులు ఉన్నాయి. ఒక్కోటి 75 లీటర్లు పట్టి కొన్ని గంటల్లో నెమ్మదిగా వదులుతుంది. పైపులైను లేని రోడ్డు పక్క చెట్లకు, ట్యాంకర్ వచ్చి నింపేసి వెళ్లే చోట, పాతిన మొదటి ఏడాదికి ఇవి మంచివే. అడుగున ఉన్న రెండు సూది బెజ్జాలు మన బోరు నీళ్లకు త్వరగా మూసుకుంటాయి. సంచి నిరంతరం కాండానికి అతుక్కుని ఉంటే బెరడు చెమ్మబారి పురుగు చేరుతుంది. ఖాళీ అయ్యాక విప్పేయాలి.

ట్యాంకర్ గొట్టంతో నేరుగా పోస్తే 5,000 లీటర్లలో ఎక్కువ రోడ్డు మీదికే పారుతుంది, పాదు కట్ట తెగుతుంది, మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి. ట్యాంకరే గతి అయితే కొమ్మల అంచుదాకా వెడల్పైన పాదు చేసి, గొట్టం కొసకు గోనె కట్టి, ఒక్కో పాదును రెండు విడతలుగా నింపమనండి. పాదులోకి నీళ్లు పొంగించి నింపే బబ్లర్లు ఇంకో దారి. బెజ్జం పెద్దది కాబట్టి మూసుకుపోవు, ఒత్తిడి తక్కువున్నా నడుస్తాయి. అయితే పాదు సమంగా ఉండాలి, వాలు నేలలో పనికిరావు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాలు ఇళ్లలో డ్రిప్పే మేలు.

రింగు వేశాక పైన 7 నుంచి 10 సెంటీమీటర్ల మందాన ఎండాకు, కొబ్బరి పీచు, చెక్క పొట్టు ఏదైనా పరచండి. కాండం చుట్టూ జానెడు ఖాళీ వదలండి. పైపుకు ఎండ తగలదు, నీళ్లు ఆవిరవడం తగ్గుతుంది, పైగా గడ్డి కోసే యంత్రం ఆ చుట్టుపక్కలకు రాదు. డ్రిప్ పైపులకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఆ బ్రష్ కట్టరే. తర్వాత ఉడతలు, పందికొక్కులు. వేసవిలో నీళ్ల కోసం పైపు కొరుకుతాయి. పక్కనే ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టి ఉంచితే కొరుకుడు తగ్గుతుంది.

గ్యారంటీ కార్డు మీద ఏడాది అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో టైమర్‌కు మాత్రమే అని, అదీ ఫిల్టర్ పెట్టి వాడినట్టు రుజువుంటేనే అని ఉంది. పైపు తెగినా, డ్రిప్పర్లు మూసుకుపోయినా వర్తించదు. అందుకని కొన్న రోజే అదే షాపులో పది జాయినర్లు, ఐదు ఎండ్ క్యాపులు, ఫిల్టర్‌కు ఒక రబ్బరు రింగు, నాలుగు మీటర్ల ఇన్‌లైన్ పైపు అదనంగా తీసుకోండి. ఒక్కో కంపెనీ పైపు లోపలి కొలత కొద్దిగా తేడాగా ఉంటుంది, వేరే షాపు జాయినర్ తెస్తే వదులై ఊడిపోతుంది.